చిప్పుల లెక్కల్లోనూ తరుగే! పెటాఫ్లాప్ అంటే ఎన్ని బిట్లో అడగాలె

ఏఐ ముచ్చట లేకుండా ఇప్పుడు రోజు గడుస్తలేదు. ఏ సర్కారు ప్రకటన చూసినా ఇన్ని వేల జీపీయూలు, ఇన్ని పెటాఫ్లాప్స్ అని అంకెలు కనబడుతయి. పెద్ద అంకె ఉంటే పెద్ద పని జరిగినట్టే అని మనం అనుకుంటం. ఆ అంకె వెనుక ఒక ప్రశ్న ఉంది, దాన్ని అడిగేటోళ్లే తక్కువ. సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తదన్నది సరే, ఒక్కో లెక్కను ఎంత సరిగ్గా చేస్తది? ఎన్ని బిట్లతోటి చేస్తది? ఏ ప్రమాణం ప్రకారం చేస్తది?

వడ్లు అమ్మిన రైతుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. బస్తా కాంటా మీద పెట్టినంక మట్టి పేరు మీద, తేమ పేరు మీద క్వింటాల్‌కు ఇన్ని కిలోలని తరుగు తీస్తరు. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదా, తరుగు ఎంత, ఎవరు లెక్కగట్టిన్రు అని రైతు కొట్లాడతడు. కంప్యూటర్ చిప్పుల్లో కూడా తరుగు ఉంటది. ప్రతి లెక్కకు చివర ఎంతో కొంత కోస్తరు. ఎంత కోయాలె, ఎట్ల కోయాలె అని చెప్పే ముద్ర కూడా ఒకటి ఉంది. దాని పేరు ఐఈఈఈ 754. ఇప్పుడు ఎన్విడియా, ఏఎండీ పోటీపడి అమ్ముతున్న చిప్పుల్లో మనకు చూపెట్టే పెద్ద అంకెలు చాలావరకు ఆ ముద్ర పరిధికి బయట ఉన్నయి. ఇది తప్పని నేను అంటలేను. కానీ కొనేటోనికి తెల్వాలె అంటున్న.

అసలు తరుగు ఎందుకు?

మూడింట ఒక వంతును దశాంశాల్లో రాయమంటే 0.333 అని రాసుకుంటనే పోవాలె, ఒడవదు. కంప్యూటర్ రెండు అంకెల లెక్కలో బతుకుతది కాబట్టి దానికి 0.1 కూడా అట్లాంటిదే. పది పైసలను రూపాయల్లో పూర్తిగా, తప్పు లేకుండా రాసుకునే శక్తి దానికి లేదు. ఎక్కడో ఒకకాడ కోయాల్సిందే. ఎన్ని బిట్ల జాగా ఇస్తే అంత దూరం పోయి కోస్తది.

64 బిట్ల జాగా ఇస్తే దాదాపు 15, 16 అంకెల దాక నమ్మొచ్చు. 32 బిట్లు ఇస్తే 7 అంకెలు. 16 బిట్లు ఇస్తే 3 అంకెలు. 32 బిట్ల లెక్కలో 1,67,77,216కు 1 కలిపి చూడుండ్రి. జవాబు మళ్లా 1,67,77,216 అనే వస్తది. ఆ ఒక్కటి ఎటో పోయింది. 16 బిట్లలో అయితే 2048 కాడనే ఆ కథ మొదలవుతది. 2048కి 1 కలిపితే 2048. ఆ 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65,504.

ఇప్పుడు కొత్తగా వచ్చిన 4 బిట్ల లెక్కల్లో ఉన్న సంఖ్యలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 0, 0.5, 1, 1.5, 2, 3, 4, 6. వీటికి మైనస్ గుర్తు పెడితే ఇంకో జత. అంతే, 5 అనే సంఖ్యే లేదు. ఏఐ చిప్పుల మీద కనబడే అతి పెద్ద పెటాఫ్లాప్ అంకెలు ఈ 4 బిట్లవో, 8 బిట్లవో అయి ఉంటయి.

ముద్ర ఎట్ల వచ్చింది?

1985కు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో కాంటా. ఐబీఎం లెక్క ఒక తీరు, డీఈసీ వాళ్ల వ్యాక్స్ లెక్క ఇంకో తీరు, క్రే లెక్క మరో తీరు. ఒక మిషన్ మీద నడిచిన ప్రోగ్రాం ఇంకో మిషన్ మీద వేరే జవాబు ఇచ్చేది. ఆ గందరగోళంలో విలియం కహాన్ అనే గణితవేత్త ముందుకొచ్చిండు. ఇంటెల్ 1980లో తెచ్చిన 8087 చిప్పుకు సలహాలు ఇచ్చింది ఆయనే. ఆ పని నుంచే 1985లో ఐఈఈఈ 754 పుట్టింది. 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చిన్రు. ఆ ప్రమాణాన్ని 2008లో, 2019లో సవరించిన్రు.

ఆ ప్రమాణం చెప్పేది సూటిగా ఉంటది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఏది చేసినా, ముందు పూర్తి జవాబు తెలిసినట్టే లెక్కగట్టాలె, తర్వాత ఒక్కసారే దగ్గరి సంఖ్యకు కోయాలె. సున్నాతో భాగిస్తే ఏం ఇవ్వాలె, అర్థం లేని లెక్కకు ఏం ఇవ్వాలె అన్నది కూడా ముందే రాసిపెట్టిన్రు. అంటే తరుగు ఎంతనో బోర్డు మీద రాసి, అందరికీ ఒకటే రేటు పెట్టినట్టు.

అందులో పెద్ద కొట్లాట నడిచిన ముచ్చట ఒకటుంది. సున్నాకు మస్తు దగ్గరగా ఉండే బుల్లి సంఖ్యలను ఏం చేయాలె? సున్నా అని కొట్టేయాలెనా, అంకెలు కొన్ని పోయినా వాటిని బతికించాలెనా? బతికించాలె అన్నడు కహాన్. అట్ల అయితేనే రెండు వేర్వేరు సంఖ్యల తేడా ఎప్పుడూ సున్నా కాకుండా ఉంటది. చిప్పు ఖర్చు పెరుగుతదని డీఈసీ అడ్డం తిరిగింది. ఆ కంపెనీ తనే జి.డబ్ల్యూ. స్టీవర్ట్ అనే నిపుణున్ని పెట్టి విచారణ చేయిస్తే, ఆయన సుత బతికించుడే కరెక్ట్ అని చెప్పిండు. వీటిని సబ్‌నార్మల్స్ అంటరు. ఈ మాట యాది పెట్టుకోండి, ఇది మళ్లా వస్తది.

ముద్ర మీద జనానికి ఎంత నమ్మకం కుదిరిందో 1994లో తేలింది. ఇంటెల్ పెంటియం చిప్పు కొన్ని భాగహారాల్లో తప్పు చేస్తున్నదని థామస్ నైస్లీ అనే గణిత ప్రొఫెసర్ పట్టుకున్నడు. సాధారణ జనానికి అది ఎప్పుడో గానీ తగలని తప్పే. అయినా కొన్నోళ్లు ఊకోలేదు. ఇంటెల్ చిప్పులు మార్చి ఇయ్యాల్సి వచ్చింది, 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకోవాల్సి వచ్చింది.

బొమ్మల చిప్పుల పంచాయితీ

జీపీయూలది వేరే పుట్టుక. అవి ఆటల్లో బొమ్మలు గీయడానికి పుట్టినయి. ఒక చుక్క రంగు కొంచెం అటూ ఇటూ అయితే కంటికి తెల్వదు. వేగమే ముఖ్యం. కాబట్టి లెక్క సరిగ్గా ఉండాలె అని ఎవరూ పట్టుబట్టలేదు.

దాని ఫలితం 2003లో రోడ్డు మీద పడ్డది. అప్పటికి ఏటీఐ (తర్వాత దీన్ని ఏఎండీ కొన్నది) రేడియాన్ 9700 చిప్పు తెచ్చింది. అది పిక్సెల్ లెక్కలన్నీ 24 బిట్లలో చేస్తది. ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ తెచ్చింది. దాంట్లో 16 బిట్లు, 32 బిట్లు రెండూ ఉన్నయి, 24 మాత్రం లేదు. మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ 9 నియమం ఏందంటే, పూర్తి నాణ్యత అంటే కనీసం 24 బిట్లు ఉండాలె. ఎన్విడియా చిప్పు నియమం ప్రకారం నడవాలంటే 32కు పోవాలె, అక్కడ అది నెమ్మదిస్తది. వేగం కావాలంటే 16కు దిగాలె, అక్కడ నాణ్యత పోతది. ఒకటి 24తోటి, ఇంకొకటి 16తోటి ఉరికితే పోటీ ఎట్ల అయితది?

అదే ఏడాది మే నెలలో ఫ్యూచర్‌మార్క్ అనే సంస్థ తన 3డీమార్క్03 పరీక్షను తనిఖీ చేసింది. పరీక్ష నడుస్తున్నదని గుర్తుపట్టి, పని తగ్గించుకునే తోవలు ఎన్విడియా డ్రైవర్‌లో దొరికినయన్నది. ఆ తోవలు మూసేస్తే జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా మార్కులు 24.1 శాతం పడిపోయినయి. ఏటీఐ కూడా సుద్దపూస కాదు. దాని రేడియాన్ 9800 ప్రో మార్కులు 1.9 శాతం తగ్గినయి. తర్వాత కొన్ని రోజులకు ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా కలిసి ఒక ప్రకటన ఇచ్చినయి. దాన్ని మోసం అనొద్దు, ఆ పరీక్షకు తగ్గట్టు చేసిన సర్దుబాటు అనాలె అని అందులో ఉంది. పేరు ఏదైనా, కొనేటోని చేతికొచ్చిన అంకె, చిప్పు నిజంగా చేసే పని ఒక్కటి కావు అని ఆరోజు తేలింది.

సైన్స్ వచ్చినంక చిప్పు మారింది

2007లో ఎన్విడియా క్యూడా తెచ్చింది. బొమ్మల చిప్పు మీద సైన్స్ లెక్కలు చేయొచ్చని చూపెట్టింది. అయితే అప్పటి చిప్పుల్లో 32 బిట్ల లెక్కలో సబ్‌నార్మల్స్ లేవు, అన్నిటినీ సున్నా చేసేది. భాగహారం, వర్గమూలం ప్రమాణం చెప్పినంత సరిగ్గా వచ్చేవి కావు. 64 బిట్ల లెక్కే లేదు. సైంటిస్టులు ఇది మాకు నడవదు అన్నరు.

అప్పుడు పోటీ మంచి చేసింది. 2007 చివర ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 3870 చిప్పులో 64 బిట్ల లెక్క పెట్టింది. 2008లో ఎన్విడియా జీటీ200లో పెట్టింది. 2009లో ఏఎండీ, 2010లో ఫెర్మీ పేరుతో ఎన్విడియా 2008 ప్రమాణానికి తగ్గట్టు గుణించి కలిపే లెక్కను ఒకే కోతతో చేసే చిప్పులు తెచ్చినయి. ఫెర్మీలో 32 బిట్లకు, 64 బిట్లకు రెండిటికీ సబ్‌నార్మల్స్ పూర్తి వేగంతో వచ్చినయి. ఆస్పత్రి స్కానింగ్ నుంచి వాన లెక్కల దాక జీపీయూల మీదికి వచ్చిన్రంటే ఈ ముద్ర పడ్డందుకే.

ఇక్కడ ఒక ముచ్చట సాఫ్ చేయాలె. ముద్ర ఉన్న రెండు చిప్పులు ఒకే జవాబు ఇస్తయని ఏం లేదు. గుణకారం, కూడిక విడివిడిగా చేస్తే రెండుసార్లు కోత పడుతది, కలిపి చేస్తే ఒక్కసారే పడుతది. వేల సంఖ్యలను కూడేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత అన్నదాన్ని బట్టి చివరి అంకెలు మారుతయి. జీపీయూ వేల కూడికలను ఒక్కసారే చేస్తది, దాని వరుస దానిదే. కాబట్టి జవాబులో చిన్న తేడా వస్తే చిప్పు తప్పు అని దుంకొద్దు. తేడా ఎంత, ఆ పనికి అది ఒప్పుతదా అని చూడాలె. ఇంకో సంగతి, చిప్పులో ప్రమాణం ఉన్నా దాన్ని మనమే తీసేయొచ్చు. క్యూడా కంపైలర్‌కు వేగం కోసం ఒక్క సూచన ఇస్తే చాలు, 32 బిట్ల సబ్‌నార్మల్స్ సున్నా అయితయి, భాగహారం ఉజ్జాయింపుకు దిగుతది. చిప్పుకు ఐఎస్ఐ మార్కు ఉంది, వాడేటోడు దాన్ని గీకేసిండు అన్నట్టు.

ఏఐ వచ్చినంక కథ మళ్లా తిరిగింది

ఏఐ మోడళ్లకు 15 అంకెల నాణ్యత అక్కర లేదు. కొంచెం గజిబిజి లెక్కతోటి సుత అవి నేర్చుకుంటయి. బిట్లు తగ్గితే వేగం పెరుగుతది, కరెంటు మిగులుతది, మెమరీ మిగులుతది. అందుకే కంపెనీలు కిందికి దిగుడు మొదలుపెట్టినయి.

2020లో ఎన్విడియా ఏ100 చిప్పుతో టీఎఫ్32 అనే లెక్క తెచ్చింది. పేరులో 32 ఉంది, లోపల లెక్కకు పనికొచ్చేవి 19 బిట్లే. పైటార్చ్ అనే పాపులర్ సాఫ్ట్‌వేర్‌లో 1.7 వెర్షన్ నుంచి 1.11 దాక మ్యాట్రిక్స్ గుణకారాలకు ఇది దానంతట అదే ఆన్ అయి ఉండేది. ప్రోగ్రాం రాసినోడు 32 బిట్లు అనుకుంటడు, చిప్పు మూడంకెల నాణ్యతతో లాగిస్తది. సైన్స్ లెక్కలు చేసేటోళ్లకు ఇబ్బంది అయితదని 1.12లో దాన్ని మామూలుగా ఆఫ్ చేసి పెట్టిన్రు.

ఏఎండీ వైపు చూస్తే, ఎంఐ200 వరుస చిప్పుల్లో 64 బిట్ల బలం మస్తుగ ఉంది. 2022లో ప్రపంచంలో మొదటి స్థానానికి ఎక్కిన అమెరికా సూపర్ కంప్యూటర్ ఫ్రాంటియర్ నడిచేది వాటితోటే. అదే చిప్పుల మ్యాట్రిక్స్ యూనిట్లు 16 బిట్ల సబ్‌నార్మల్స్‌ను మాత్రం సున్నా చేసేస్తయి. అంటే 0.00006 కంటే చిన్న సంఖ్యలన్నీ మాయం. ఏఐ శిక్షణలో దిద్దుబాట్లు చాలాసార్లు అంత చిన్నగనే ఉంటయి. శిక్షణ దారి తప్పే ప్రమాదం ఉందని పైటార్చ్ వాళ్లే తమ పత్రాల్లో రాసి, దానికో తోవ పెట్టిన్రు. నలభై ఏండ్ల కింద డీఈసీతో కొట్లాడిన అదే ముచ్చట మళ్లా మన ముందుకొచ్చింది చూడుండ్రి.

8 బిట్ల కాడికి వస్తే ఇంకా విచిత్రం. 2022లో ఎన్విడియా, ఆర్మ్, ఇంటెల్ కలిసి ఒక 8 బిట్ల పద్ధతి ప్రతిపాదించినయి. దాంట్లో ఒక రకంలో అతి పెద్ద సంఖ్య 448. ఇన్ఫినిటీకి జాగా లేదు, అక్కడనే ఐఈఈఈ పద్ధతి నుంచి పక్కకు జరిగిన్రు. ఏఎండీ ఎంఐ300 చిప్పుల్లో 8 బిట్ల పద్ధతి ఉంది కానీ వేరే రకం. దాంట్లో అతి పెద్దది 240. అవే 8 బిట్లను ఒక చిప్పు 1 అని చదివితే ఇంకోటి 0.5 అని చదువుతది. ఒకదాని కోసం తయారుచేసిన మోడల్‌ను ఇంకోదాని మీద నడపాలంటే మధ్యలో రెండింతలు సర్దాలె. ఏఎండీ తర్వాత ఎంఐ350 వరుసలో అందరి పద్ధతికి మారింది. అప్పటిదాక ఒకే పేరు మీద రెండు కాంటాలు నడిచినయి.

4 బిట్లలో ఇప్పుడు అదే నడుస్తున్నది. 2023లో ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, మెటా, ఆర్మ్, క్వాల్‌కామ్ కూర్చొని ఒక ఉమ్మడి పద్ధతి రాసుకున్నయి. దాంట్లో 32 సంఖ్యలకు కలిపి ఒక స్కేల్ ఉంటది. తర్వాత ఎన్విడియా 16 సంఖ్యలకు ఒక స్కేల్ ఉండే తన సొంత పద్ధతి కూడా తెచ్చింది. నాణ్యత కోసమే అని అంటది, దాంట్లో నిజం ఉండొచ్చు. కానీ సొంత కాంటా అంటే కొన్నోడు ఆ దుకాణం విడిచి పోలేడు అన్నది కూడా నిజమే.

చైనాకు చెందిన డీప్‌సీక్ కంపెనీ 2024 డిసెంబర్‌లో తన వీ3 మోడల్ నివేదికలో రాసిన సంగతి ఇంకా ముఖ్యమైంది. ఎన్విడియా హెచ్800 చిప్పు 8 బిట్ల సంఖ్యలను గుణించి కూడేటప్పుడు, ఆ మొత్తాన్ని 32 బిట్లలో పూర్తిగా పట్టుకుంటలేదని, దాదాపు 14 బిట్లే నిలుపుతున్నదని వాళ్లు పట్టుకున్నరు. 4,096 సంఖ్యల కూడికలో తప్పు 2 శాతం దగ్గరికి పోయిందన్నరు. అందుకని ప్రతి 128 సంఖ్యలకోసారి ఆ మొత్తాన్ని తీసి మామూలు 32 బిట్ల యూనిట్లలో కలుపుకున్నరు. 2,048 చిప్పులు పెట్టుకొని కూసున్న ఇంజనీర్లు సొంతంగా కొలిచిన్రు కాబట్టి దొరికింది. కొలవనోళ్ల సంగతేంది?

ఒకే మిషన్, రెండు అంకెలు

ఇప్పుడు మన దేశం ముచ్చటకు వద్దాం. పుణెలో సీ-డాక్ 2020లో పెట్టిన పరమ్ సిద్ధి-ఏఐ మంచి మిషన్. దాంట్లో ఎన్విడియా డీజీఎక్స్ ఏ100 పెట్టెలు 42 ఉన్నయి. దాన్ని 210 ఏఐ పెటాఫ్లాప్స్ అన్నరు. అదే మిషన్ 2020 నవంబర్ టాప్500 లిస్టులో 63వ స్థానంలో నిలబడ్డది. అక్కడ 64 బిట్ల లెక్క మీద కొలిస్తే వచ్చింది 4.6 పెటాఫ్లాప్స్. 210 ఎక్కడ, 4.6 ఎక్కడ? 45 రెట్లకు పైగా తేడా. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కో పెట్టెకు 5 పెటాఫ్లాప్స్ అని ఎన్విడియా చెప్పిన అంకె 16 బిట్లది. అది కూడా ప్రతి నాలుగు సంఖ్యల్లో రెండు సున్నాలు ఉంటే వచ్చేది. పేపర్ చదివేటోనికి మాత్రం రెండూ పెటాఫ్లాప్సే.

ఒక్క చిప్పు తీసుకున్నా అంతే. ఎన్విడియా హెచ్100 కాగితం మీద 8 బిట్లకు 3,958 టెరాఫ్లాప్స్ ఉంటది, పక్కన చిన్న చుక్క గుర్తు. ఆ చుక్క అంటే సున్నాల షరతు. షరతు తీసేస్తే సగం. 64 బిట్ల మామూలు లెక్కకు 34 మాత్రమే. ఏఎండీ ఎంఐ300ఎక్స్‌కు అదే 64 బిట్లలో 81.7 ఉంది. ఎన్విడియా బ్లాక్‌వెల్ అల్ట్రా చిప్పుకు వచ్చేసరికి 64 బిట్ల బలాన్ని 1.3 టెరాఫ్లాప్స్ దగ్గరికి కోసేసి, ఆ జాగాను 4 బిట్లకు ఇచ్చిన్రు. కొత్తది కొంటే అన్నిట్ల పాతదానికంటే బలంగా ఉంటదని అనుకునే కాలం పోయింది.

దీని మీద ఏం ఆధారపడి ఉంది? వాన, తుఫాను, వరద. 2024 సెప్టెంబర్‌లో పుణెలో అర్క, నోయిడాలో అరుణిక అనే వాతావరణ సూపర్ కంప్యూటర్లు మొదలైనయి. ఒకటి 11.77 పెటాఫ్లాప్స్, ఇంకోటి 8.24. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే ఎటు పోతది, ఎన్ని సెంటీమీటర్లు కురుస్తది అన్నది ఇట్లాంటి మిషన్లే లెక్కగడుతయి. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన వాతావరణ లెక్కలో 0.506127కు బదులు 0.506 అని కొట్టిండు. లెక్కలో రెండో నెల వచ్చేసరికి కంప్యూటర్‌లోని వాతావరణం పూర్తిగా వేరే అయిపోయింది. 1991లో సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ మిస్సైల్ వ్యవస్థ 24 బిట్ల గడియారం లెక్కలో 0.1ను కోసుకుంటూ వంద గంటలు నడిచి, సెకనులో మూడో వంతు వెనకబడ్డది. వచ్చే మిస్సైల్‌ను ఆపలేకపోయింది, 28 మంది అమెరికా సైనికులు సచ్చిపోయిన్రు. అది ఫ్లోటింగ్ పాయింట్ లెక్క కాదు, జీపీయూ కాదు. కానీ చిన్న కోత వంద గంటలు పోగైతే ఏమైతదో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఎందుకు?

తక్కువ బిట్లు అంటే తప్పేనా?

కాదు. యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ 2021లో తన అంచనా లెక్కలను 64 బిట్ల నుంచి 32 బిట్లకు మార్చింది. మిగిలిన శక్తితోటి తన ఎన్సెంబుల్ లెక్కలో ఆకాశాన్ని 91 పొరలకు బదులు 137 పొరలుగా చీల్చి చూస్తున్నది. అక్కర లేని అంకెలను వదిలి, అక్కర ఉన్న వివరాన్ని కొనుక్కున్నది. అయితే ఊకెనే దుంకలేదు. ఏండ్ల తరబడి పరీక్షలు చేసి, సున్నితమైన లెక్కలను 64 బిట్లలోనే ఉంచి మారింది. తక్కువ బిట్లతో వేగంగా దగ్గరికి పోయి, చివర్లో ఎక్కువ బిట్లతో దిద్దుకునే పద్ధతులు కూడా ఉన్నయి. అంటే తరుగు తీసుడు తప్పు కాదు. ఎంత తీస్తున్నవో చెప్పి, పనికి నష్టం లేదని చూపెట్టి తీయాలె.

కేంద్రం ఇండియాఏఐ మిషన్‌కు 2024 మార్చిలో 10,372 కోట్లు ఒప్పుకున్నది. ఆ కింద అద్దెకు దొరికేటట్టు పెట్టిన వాటిల్లో ఎన్విడియా చిప్పులున్నయి, ఏఎండీ చిప్పులున్నయి, ఇంటెల్ గౌడీ ఉన్నది. మన తెలుగు మాట్లాడే మోడల్ తయారు చేసే స్టార్టప్‌కు ఒక చిప్పు సరిపోతది. వరద లెక్కలో, మందుల అణువుల లెక్కలో ఉన్న పీహెచ్‌డీ పిల్లగానికి ఇంకో చిప్పు కావాలె. ఇద్దరికీ ‘జీపీయూ గంట’ అని ఒకే పేరు మీద అమ్మితే ఎవరో ఒకరు మునుగుతరు. ఎక్కువసార్లు మునిగేది గట్టిగా అడగలేని పిల్లగాడే.

నాలుగు పనులు చేయాలె

మొదటిది, సర్కారు పైసలతో కొనే ప్రతి మిషన్ టెండర్‌లో, ప్రకటనలో ఫ్లాప్స్ అంకె పక్కన బిట్లు రాయాలె. సున్నాల షరతు ఉంటే అది కూడా అదే సైజు అక్షరాల్లో రాయాలె. 64 బిట్ల అంకె తప్పనిసరిగా ఉండాలె.

రెండోది, మిషన్ తీసుకునేటప్పుడు వేగం ఒక్కటే కొలవొద్దు. జవాబు తెలిసిన లెక్కలు ఇచ్చి తప్పు ఎంతనో కొలవాలె. సబ్‌నార్మల్స్ బతుకుతున్నయా, పొడుగు కూడికల్లో ఎన్ని బిట్లు నిలుస్తున్నయి అన్నది కాగితం మీద పెట్టాలె. డీప్‌సీక్ చేసిన పని మన సంస్థలు చేయలేనిదేం కాదు.

మూడోది, జనం బతుకుల మీద పడే లెక్క ఏదైనా, అంటే తుఫాను అంచనా, డ్యాం వరద అంచనా, స్కానింగ్ సాఫ్ట్‌వేర్, ఎన్ని బిట్లలో నడిచింది, కంపైలర్‌కు ఏ సూచనలు ఇచ్చిన్రు అన్నది రికార్డులో ఉండాలె. రేపు తేడా వస్తే ఎక్కడ వచ్చిందో ఎతికేందుకు.

నాలుగోది, ఏఐ కోసం చిన్న బిట్ల ప్రమాణం రాయడానికి ఐఈఈఈలో పీ3109 పేరుతో ఒక కమిటీ పనిచేస్తున్నది. ఎన్విడియాకు, ఏఎండీకి రెండిటికీ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నయి. చిప్పులు గీసేదాంట్లో మన పిల్లల చెయ్యి ఉన్నది. కాంటా తయారుచేసేది మనోళ్లే అయినప్పుడు, ముద్ర ఎట్ల ఉండాలె అని చెప్పేకాడ మన యూనివర్సిటీలు ఎందుకు కూసోవద్దు? ఇంజనీరింగ్ కాలేజీల్లో న్యూమరికల్ మెథడ్స్‌ను మార్కుల కోసం బట్టీ పట్టించే బదులు, 2048కి 1 కలిపితే ఎందుకు 2048 వస్తదో లాబ్‌లో చూపెడితే సగం పని అయితది.

1985లో ఆ ముద్ర వచ్చింది కంపెనీల దయతోటి కాదు. జవాబులు కలుస్తలేవని లెక్కలు చేసేటోళ్లు కొట్లాడితే వచ్చింది. 2010 నాటికి జీపీయూలు దారికొచ్చినయంటే, ముద్ర లేకుంటే కొనమని సైంటిస్టులు మొండికేసినందుకే. ఇప్పుడు ఏఐ కొనుగోళ్లలో అసలు పెద్ద గిరాకీ సర్కార్లు, అంటే మనం. రేపు ఏ మంత్రి అయినా వేదిక మీద ఇన్ని పెటాఫ్లాప్స్ తెచ్చినం అంటే, కింద కూసున్న జర్నలిస్టు ఒక్కడన్నా లేచి అడగాలె: సారూ, ఎన్ని బిట్లయి?